నా చేతి బోణీ

లింగంపేటలో ఉన్న మా అక్క రాజవ్వకు, తమ్ముడు నర్సయ్య సముద్రం నడుమ ఈ దీవి నుంచే నీ కాళ్ళకు దండం పెట్టి రాసుకుంటున్న సంగతులు.

అక్కా, నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, కోడలు లక్ష్మి, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? అమ్మా లక్ష్మీ, ఈ ఉత్తరం నిదానంగా చదివి వినిపించు. మీ అత్త నడుమ నడుమ తిడుతుంది. తిట్టనియ్యి.

ఎందుకు తిడుతుందో ముందే చెబుతాను. ఈ ఓడకు వస్తానని పోయినసారి రాశాను. రావడం లేదు. నాకు బదులు ఈ కాగితం వస్తుంది. ఓడ జెట్టీకి ఆనుకొని ఉంది. కొబ్బరికాయలు ఎక్కిస్తున్నారు. అది కదిలేలోపు రాసి ఇవ్వాలి. ఒక మాట రాస్తాను, లేచి ఓడను చూసి వస్తాను, మళ్ళీ కూర్చుంటాను. అక్షరాలు వంకరగా ఉన్నది అందుకే. ఒంట్లో బాగాలేక కాదు. ఆ రంది పెట్టుకోకు.

ఇక్కడి వాన చెప్పి రాదు, చెప్పి పోదు. ఉతికిన ధోతి ఎండదు. తిండికి లోటు లేదు. అన్నం, చేపలు, అన్నింట్లోనూ కొబ్బరి. జొన్నరొట్టె, పుంటికూర సంగతి రాయను, రాస్తే ఇంకేమీ రాయలేను. తిండికి లోటు లేదని మళ్ళీ చెబుతున్నాను. మనసే ఒక చోట నిలవడం లేదు. మన దగ్గర మనసు బాగాలేకపోతే ఎల్లారెడ్డి దాకా నడిచేవాణ్ణి. దారిలో ఎవరో ఒకరు "ఏం నర్సన్నా, ఎటు పోతున్నవ్" అని అడిగేవారు. ఇక్కడ ఎటు నడిచినా సముద్రం అడ్డం వస్తుంది. దీవి అంచు పట్టుకొని నడిచి నడిచి బయలుదేరిన జెట్టీకే వస్తాను. చూసేవాళ్ళు నేనేదో పని మీద తిరుగుతున్నానని అనుకుంటారు.

రహీం సాబ్ నన్ను ఎందుకు తెచ్చాడో నీకు తెలిసిందే. ఎల్లారెడ్డి సమితి ఆఫీసులో ఉన్నప్పుడు, మన అంగట్లో నేను తైబజారు పైసలు వసూలు చేస్తూ, ఎవరి గంప ఎక్కడ పెట్టాలో చూపిస్తుంటే చూసినవాడు. ఈ దీవిని బాగుచేసే సర్కారు కొలువులో చేరాక మనిషిని పంపి పిలిపించాడు. "నర్సయ్యా, గాడ అన్నీ ఉన్నయి, అంగడే లేదు. నువ్వొచ్చి నిలబెట్టాలె" అన్నాడు. అప్పటికి నీ మరదలు పోయి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో కూర్చోలేక ఊఁ అన్నాను.

ఇక్కడ సికాకోలు వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళు జెట్టీ దగ్గర ఉంటారు. రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళు లోపల అడవి కొట్టుకొని సాగు చేస్తారు. వీళ్ళ మొహం వాళ్ళు చూడరు, వాళ్ళ మొహం వీళ్ళు చూడరు. ఓడ మీద వచ్చే సేటు జెట్టీ దగ్గర ఎండుచేప కొని, అదే చేపను లోపలివాళ్ళకు ఎక్కువకు అమ్ముతాడు. దీవిలో ఎండిన చేప దీవిలోనే తిరుగుతుంది, లాభం ఓడ ఎక్కి పోతుంది. దీనికే రహీం సాబ్ రంది. "మళ్ళ ఓడ వచ్చేలోపు అంగడి నిలబడకుంటే పైవాళ్ళు మనల్ని వాపస్ పిలుస్తరు" అన్నాడు. అది విని నాకు బాధ కలగలేదు అక్కా. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను.

బేస్తవారం అంగడి అని కిరోసిన్ డబ్బా కొట్టించి చాటించాం. అమ్ముకోవడానికి రండి అన్నాం. జనం బాగానే వచ్చారు. ఒక్కొక్కరు గోనెసంచి విప్పారు. అందరివీ కొబ్బరికాయలే. సేటు అందరి దగ్గరా కొనేది అదొక్కటే కాబట్టి, అమ్మడమంటే కొబ్బరికాయలేనని అనుకున్నారు. అంగడికి పోయేది కొనుక్కోవడానికి కూడా అని మన దగ్గర ఎవరికీ చెప్పే పని లేదు కదా. ఇక్కడా చెప్పాలని నాకు తట్టలేదు.

చేపలమ్మే అప్పలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని, "ఏటి తాతా, మా ఇంట్లో కాయల్లేక నీ కాడికొచ్చామేటి?" అంది. అందరూ నవ్వారు. రహీం సాబ్ కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను పడవల షెడ్డు వెనక్కి పోయి నిలబడ్డాను.

తరువాత ఇల్లిల్లూ తిరిగాను. నేను ఒకరి గడప ఎక్కి మాట్లాడేవాణ్ణి కాదని నీకు తెలుసు. తిరిగాను. మీరు వండుకు తినేది తెండి అని చెప్పాను. రాంచీ వాళ్ళకు మన ఉర్దూ అర్థమవుతుంది.

రెండో బేస్తవారం గుడ్లు, కూరగాయలు, వడ్లు, ఎండుచేపలు, చింతపండు వచ్చాయి. వచ్చాయి గానీ, వీళ్ళు ఒక వరుస, వాళ్ళు ఒక వరుస కూర్చొని, గంపల మీది గుడ్డ తీయరు. మొదటి బేరం ఎవరూ చేయరు. చివరికి గుడ్లు తెచ్చిన ముసలమ్మ బుధ్ని నా వైపు చూసి, "పహలే ఆప్, బాబా" అంది. ముందు నువ్వే కొను అని.

అక్కా, నేను రెండడుగులు వెనక్కి వేశాను. నా చెయ్యి సంగతి నీకు తెలియనిదా? "పొద్దుగాల నా గంప దిక్కు రాకురా. నువ్వు బోణీ చేస్తే నా వంకాయలు ఇంటికే వస్తయి" అని ఎన్నేండ్లు తరిమావు! తైబజారుకు కూడా నీ దగ్గరికి ఆఖరున వచ్చేవాణ్ణి. వీళ్ళకు అది ఎలా చెప్పను? అప్పలమ్మ దగ్గర గుప్పెడు ఎండుచేపలు కొన్నాను. అవి జేబురుమాలులో కట్టుకుంటున్నాను, అంతే. దబదబా వాన. ఆకాశానికి చిల్లి పడ్డట్టు.

గంపలు ఎత్తుకొని అందరూ పడవల షెడ్డులోకి ఉరికారు. రెండు వరుసలు లేవు, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. వాన ఆగదు. కడుపులు కాలుతున్నాయి. ఎవరో పొయ్యి వెలిగించారు. బుధ్ని గుడ్లు ఉడకబెట్టింది, అప్పలమ్మ చేపలు కాల్చింది. వాసనకు ఒకరు కొన్నారు, ఇంకొకరు వడ్లిచ్చి చేపలు తీసుకున్నారు. చింతపండు కోసం పోట్లాట కూడా అయింది. పోట్లాట వినగానే నాకు మన అంగట్లో ఉన్నట్టే అనిపించింది. వాన వెలిసేసరికి గంపలు ఖాళీ.

"నీ చెయ్యి మా మంచిది తాతా! వచ్చే వారం బోణీ కూడా నీదే" అంది అప్పలమ్మ. అప్పటి నుంచి నేను వచ్చి కొనేదాకా ఎవరూ గుడ్డ తీయడం లేదు.

ఈ రోజు పొద్దున పెట్టె మోసుకొని జెట్టీకి వచ్చాను. అప్పలమ్మ వచ్చి దాని మీదే కూర్చుంది. లోపలి నుంచి బుధ్ని కూడా నడిచి వచ్చింది. రహీం సాబ్ మాత్రం, "నీ ఇష్టం నర్సయ్యా. నేనైతే నిన్ను ఆప" అన్నాడు. నేను సిగ్గు విడిచి నిజం చెప్పేశాను. "నా చెయ్యి మంచిది కాదమ్మా, మా అక్కనడుగుండ్రి" అన్నాను.

"మీ అక్క చెయ్యి ఇంకా మంచిదేటి? అయితే ఆ చెయ్యి తెప్పించు, పెట్టె మీంచి లేస్తాను" అంది అప్పలమ్మ.

అందుకని అక్కా, ఒక పని చేసిపెట్టు. పుంటికూర, బీర, చిక్కుడు విత్తనాలు నీ చేత్తోనే మూట కట్టి పంపు. లక్ష్మి కట్టొద్దు. ఒక బేస్తవారం మొదటి బేరం వాటితోనే చేయిస్తాను. అది నీ బోణీ అవుతుంది. అప్పుడు నన్ను విడుస్తారు. విడిస్తే వస్తాను. ఇప్పుడు ఓడ కూత పెట్టింది. లేచి చూసి వచ్చాను. అప్పలమ్మ ఇంకా పెట్టె మీదే ఉంది.

నేను వచ్చాక ఒక్కరోజు, పొద్దున్నే, నీ గంప మీద నన్ను బోణీ చేయనియ్యి. వాన పడితే పడనియ్యి.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు, అంగట్లో నా గురించి అడిగినవాళ్ళందరికీ రాంరాం, సలాములు. చిన్నప్పుడు పెట్టినట్టు ఒకసారి నా తల మీద చెయ్యి పెట్టాననుకో. నాకు అందుతుంది.

నీ తమ్ముడు
నర్సయ్య