లైటు మీద నల్ల టేపు

హా లెటూకా గ్రామం,
ఫిబ్రవరి 19

మా పలేసా నాన్నకు,

మేమందరం బతికే ఉన్నాం. మీరెట్లా ఉన్నారు? ప్రతి ఉత్తరమూ ఈ మాటతోనే మొదలుపెడతాను. ఈసారి రాశాక కలం పక్కన పెట్టి రెండుసార్లు చదువుకున్నాను. బతికే ఉన్నాం. జరిగి తొమ్మిది రోజులైంది. నా కుడికాలు ఇంకా ఉన్నట్టుండి నేలను తొక్కి పడుతోంది. నిన్న పొయ్యిమీద మొక్కజొన్న సంకటి కలుపుతూ అలాగే నిలబడిపోయాను, అడుగంటింది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. పలేసాకి పై పన్ను ఊడింది, కొత్తది కొంచెం వంకరగా వస్తోంది. మీరు పంపిన బూట్లు ఒక సైజు పెద్దవి, అయినా విప్పనంటుంది. మొక్కజొన్న నా ఛాతీ దాకా ఎదిగింది. మీ నాన్నగారి ఎడమకన్ను మందుతో తేరుకుంది. "ఎదుటి కొండమీది గొర్రె ఎవరిదో ఇప్పటికీ చెప్పగలనని వాడికి రాయి" అన్నారు. రాశాను.

ఇక బండి సంగతి. "మూడు చక్రాల మీద బండి కొండెక్కిందని నాన్న రాయించాడు, తాగి ఉన్నాడా?" అని అడిగారు. తాగలేదు. ఇరుసుకి అటూ ఇటూ ఉండే రెండు చక్రాలకీ ఇంజను బలం ఒకే చోటునుంచి వెళుతుంది. వాటిలో ఒకటి గాలిలోకి లేచిందనుకోండి, దానికి అడ్డేమీ ఉండదు కాబట్టి అదే వట్టిగా గిరగిరా తిరుగుతుంది. నేలమీద ఉన్నది కదలదు. మన పొలం కాలవకి రెండు మడవలుంటే నీళ్ళు సులువైనవైపే పోతాయి చూశారా, అట్లా. నేను తోలే క్లినిక్ బండిలో చక్రం చక్రానికీ దాని వేగం కనిపెట్టే చిన్న ముక్క ఉంది. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా వేగంగా తిరిగితే బండి తనంతట తానే ఆ ఒక్కదానికే బ్రేకు వేస్తుంది. అంటే సులువైన మడవకి మట్టి అడ్డం వేయడమే. బలం అప్పుడు రెండోవైపుకి మళ్ళి బండి పైకి లాగుతుంది.

అది పనిచేసేటప్పుడు కింద కరకరమని చప్పుడొస్తుంది. నేర్చుకునే రోజుల్లో గేరుపెట్టె విరిగిందనుకుని కాలు తీసేశాను. మసేరు పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "కాలు తియ్యకమ్మా! నువ్వు తీస్తే అదీ మానేస్తుంది. ఒకే బరువుతో తొక్కి పట్టుకో, మిగతాది అది చూసుకుంటుంది." అప్పటినుంచి ఆ చప్పుడు వినిపిస్తే చాలు, నాకు ధైర్యం. ఇంతవరకూ మీరడిగినదానికి జవాబు.

పదో తారీఖున మూడు రోజుల వాన తెరిపిచ్చింది. మొలెఫి భార్య పులెంగ్‌కి ముందురోజు పొద్దుటినుంచి నొప్పులు. మొలెఫి గుర్రం మీద కొండమీది పశువుల దొడ్డికి వెళ్ళి ఉన్నాడు, కబురందలేదు. నర్సు లినియో చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగింది. ఇక్కడ నావల్ల కాదు. కనుమ దాటించు మాపలేసా, ఇప్పుడే" అంది. పులెంగ్‌ని వెనక మంచం మీద పడుకోబెట్టి లినియో పక్కన కూర్చుంది. కంటి మందుకని వచ్చిన మీ నాన్నగారు నా పక్కన ఎక్కారు. ముప్పై ఏళ్ళు ఆ కనుమలో లారీ తోలిన మనిషి. కోడలు నడుపుతుంటే కిటికీలోంచి బయటికే చూస్తారు.

కొట్టు ముందు నించున్న మగవాళ్ళు మామూలుగానే కూశారు. "మాపలేసా! చక్రాలు లెక్కపెట్టుకుని వెళ్ళు, లెక్కపెట్టుకుని రా!"

రాతిమెట్ల మలుపు మీకు తెలుసు. వాన అక్కడ మట్టంతా కడిగేసి బండలు మిగిల్చింది. ముందు ఎడమచక్రం లేచింది, వెనక కుడిది గుంటమీద వేలాడింది. నేను మేస్త్రీ చెప్పినట్టే తొక్కి పట్టుకుని చప్పుడు కోసం ఎదురుచూశాను.

చప్పుడు రాలేదు.

గాలిలో చక్రం గిర్రున తిరిగి అద్దాలమీద బురద కొట్టింది. బండి ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి గాని బండి ఆగలేదు, బురదలో అలాగే జారింది. వెనకనుంచి లినియో గొంతు, అది ఆమె గొంతని నాకు తెలియనే లేదు.

"మాపలేసా! వెనక నేల లేదు! నీళ్ళే కనిపిస్తున్నాయి!"

ఏదో రాయికి తగిలి ఆగాం. పులెంగ్ ఏడవడం కూడా మానేసింది. నేను మీ నాన్నగారితో, "మామయ్యా, మీరు మెల్లగా దిగండి" అన్నాను.

"నేను దిగితే ఇది ఎవరు లాగుతారు?" అంటూ ఆయన మా ఇద్దరి మధ్యనున్న చేతిబ్రేకు పట్టుకున్నారు. "నీ యంత్రం నిద్రపోయింది. దాని పని నేను చేస్తా. తొక్కు. నేను ఈ బ్రేకు రెండు పళ్ళు లాగుతా, మూడు లాగుతా. బండి ఏడ్చినా కాలు తియ్యకు."

"జారితే?"

"తొక్కవే!"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను 'వే' అనలేదు. తొక్కాను. టిక్కుమని ఒక పన్ను, ఇంకో పన్ను. చేతిబ్రేకు వెనక చక్రాలు రెంటినీ కొద్దికొద్దిగా బిగించింది. వట్టిగా తిరుగుతున్నది మొండికేసి నెమ్మదించింది, నేలమీదున్నది రాయిని పట్టుకుంది. బండి జానెడు కదిలింది. ఆగింది. మళ్ళీ జానెడు. "ఇంకా, ఇంకా, అమ్మా ఇంకా" అంటున్నారు ఆయన, నాతోనో బండితోనో. ఎంతసేపో తెలియదు. పైకి వచ్చాక ఆయన వేళ్ళను ఆ పిడి మీదనుంచి నేనే ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

ఆసుపత్రికి చేరాక గంటలో కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

ఇప్పుడు రాయవలసింది రాస్తాను. చప్పుడు ఎందుకు రాలేదో నాకు తెలుసు. మూడు వారాల ముందు ఏటి దగ్గర రాయి తగిలి, ఆ వేగం చూసే ముక్క తీగ తెగింది. ముందు పలకమీద పసుపు లైటు వెలిగింది. వెలిగితే బండి ఆ పని మానేసిందని అర్థం, మేస్త్రీ స్పష్టంగా చెప్పాడు. క్లినిక్‌లో చెబితే బండిని మసేరు పంపుతారు. పోయినసారి పంపితే నాలుగు నెలలు రాలేదు. ఈలోపు రోగులెట్లా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. "ఆడదానికిచ్చారు, విరగ్గొట్టింది" అని కొట్టు దగ్గర నవ్వుతారని భయపడ్డాను. ఆ సీటు వదల్లేకపోయాను. నల్ల టేపు ముక్క చించి లైటు మీద అంటించాను. దారులు పొడిగా ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. వారం తిరిగేసరికి టేపు ఉందన్న సంగతే మరిచిపోయాను. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. కనుమలో ఆ నిమిషాన నేను నిజంగానే చప్పుడు కోసం ఎదురుచూశాను.

గనిలో గాలి చెడిందని గంట మోగితే పనిముట్లు అక్కడే పడేసి పైకి వస్తామని మీరు రాస్తారు. నేను గంట నోరు కట్టేశాను. అదీ నిండు చూలాలిని వెనక పడుకోబెట్టుకుని.

ఆసుపత్రి వాకిట్లో టేపు పీకుతుంటే మీ నాన్నగారు చూశారు. "ఎప్పటినుంచి?" అన్నారు. చెప్పాను. ఇంటికొచ్చి కంబళి దులుపుతూ, "నాకు ముందే చెప్పి ఉంటే నేనైతే ఎక్కేవాణ్ణే. ఆ పిల్లను మాత్రం ఎక్కించనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. అంతే.

మర్నాడు లినియోకి నేనే చెప్పాను. ఆమె "నేను ఆ నీళ్ళు చూశాను" అని మాత్రం అని లోపలికి వెళ్ళి పైవాళ్ళకి కాగితం రాసింది. బండి మసేరు వెళ్ళింది. విచారణ అయ్యేదాకా నాకు పని లేదు. కొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

నిన్న మొలెఫి వచ్చాడు. బలిసిన గొర్రెపోతును గుంజకి కట్టి, టోపీ తీసి, "మావాళ్ళిద్దర్నీ దాటించావు అక్కా, ఇది నీది" అన్నాడు. మీ నాన్నగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. నా నోటితో నేనే చెప్పాలని. చెప్పాను, టేపు దగ్గరనుంచి. మొలెఫి మొహం చూడలేక గొర్రెను చూస్తూ చెప్పాను.

"నీకు తెలుసా?" అన్నాడు. "తెలిసీ ఎక్కించుకున్నావా?"

"మరిచిపోయాను. మరిచిపోయేలా చేసుకున్నాను."

టోపీ పెట్టుకుని ముడి విప్పి గొర్రెను తీసుకుని బయల్దేరాడు. నన్ను అరిచి తిట్టినా, ఆ గొర్రెను తీసుకెళ్ళినంత ఊరట ఉండేది కాదు. గొడ్ల బాట దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పాపకి పేరు పెట్టాం" అన్నాడు. "నీకు చెప్పాలనే వచ్చాను. ఇవాళ చెప్పబుద్ధి కావడం లేదు."

ఆ పేరు పలేసాకి కూడా తెలుసు, బడిలో పిల్లలందరూ అనుకుంటున్నారట. అది చెప్పబోతే దాని నోరు మూశాను. మొలెఫి చెప్పబుద్ధయి వచ్చేదాకా నేను వినను. రాకపోతే, రాకపోవడమూ న్యాయమే.

మీకు నామీద కోపం వస్తే దాచకుండా రాయండి.

ఇట్లు,
మీరు ఏమంటారో ఇంకా తెలియని
మీ మాపలేసా