నీ ఇంజన్‌ని ట్యూన్ చేసింది నేను

ప్రసాద్,

పొద్దున నీ సంవత్సరీకం అయింది. పంతులుగారు వెళ్లగానే చీర మార్చుకుని గరాజ్‌లోకి వెళ్లాను.

అమెరికాలో ఈ నోవై ఊళ్లో ఆరేళ్లు నువ్వు కాపురం చేసింది నాతో కాదు, ఆ పాతకాలపు కారుతో. పాత కార్లకి వేగం పెంచే వెనకటి హాట్ రాడ్ కుర్రాళ్లలాగా దాని ఆరు సిలిండర్ల ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బ్యురేటర్ ఒకటి తీసేసి మూడు బిగించావు. అయినా అది వణుకుతూనే ఉండేది. మూడూ సమానంగా గాలి పీల్చడం లేదని అప్పుడే చెప్పాను. "నీకు తెలీదు, ముట్టుకోకు" అన్నావు, నీ ఫ్రెండ్ రఘు ముందే. ఇద్దరం మెకానికలే చదివాం. మార్కులు నాకే ఎక్కువ.

ఇవాళ ఇంజన్ స్టార్ట్ చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గరా, రెండోది ఒక్కో కార్బ్యురేటర్ మూతి దగ్గరా పెట్టి విన్నాను. మూడింటి చప్పుడూ ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాను. రెండు గంటల్లో వణుకు పోయింది.

భోజనానికి ఆలస్యంగా వచ్చిన రఘు ఆ శబ్దం విని, "వదినా, అన్న భలే ట్యూన్ చేసి పెట్టాడు!" అన్నాడు.

"మీ అన్న ఆరేళ్లూ తప్పే చేశాడు. ట్యూన్ చేసింది నేను" అన్నాను.

పోయినవాళ్లని క్షమించాలంటారు. నేను క్షమించను. ఇంజన్ ఆపేయడానికి మాత్రం చాలాసేపు చేయి రాలేదు.

శైలజ