పద్దెనిమిది రోజుల కుప్ప

కొడవలూరు,
ఆదివారం.

ప్రియమైన అమ్మకు రూఫస్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నాన్న, నేను, గేదె ముగ్గురమూ బాగున్నాము. మద్రాసులో కెజియా అక్కా, పసిబిడ్డా బాగున్నారని తలుస్తాను. ఫోనులో అరుస్తున్నానని ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను.

"నాన్నతో మాట్లాడుతున్నావా?" అని అడిగావు. ఇప్పుడు మాట్లాడుతున్నాను. గెలిచినవాడికి అది సులువే. ఎరువు కుప్ప మాగిందమ్మా. పద్దెనిమిది రోజుల్లో వరిగడ్డి నల్లటి మట్టిలా అయిపోయింది. ఊరంతా గడ్డి తగలబెట్టి, ఆ బూడిద మీద యూరియా గుమ్మరించి, భూమిలో సత్తువ లేదని ఏడుస్తారు. వాళ్ళే ఇప్పుడు వరసగా వచ్చి చూసిపోతున్నారు.

నాన్న పెట్టిన గడువు నీకు తెలుసు. "ఎరువు మాగేదానికి ఆర్నెల్లురా. నాట్లు నెలలో ఉండాయి. అప్పటికి కాలేదో, నీ అరెకరానికీ యూరియానే. ఆ పద్దెనిమిది రోజుల ఎరువు కరపత్రాలు మళ్ళీ నా ఇంట్లో కనపడగూడదు."

ఒక్కడినే తిరగేశానా అన్నావు కదా. ఒక్కడినే. గడ్డి జానెడు ముక్కలుగా నరికి, పేడ, పచ్చిరొట్ట, చేపల తలకాయలు వరసలుగా వేసి ఛాతీ ఎత్తు పేర్చాను. నాలుగో రోజు నుంచి రోజు విడిచి రోజు తిరగేశాను. గాలి తగిలితేనే కుప్ప వేడెక్కుతుంది, వేడెక్కితేనే త్వరగా మాగుతుంది. ఐదో రోజు నాన్న నమ్మక లోపల చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. "కాల్తా ఉందే," అన్నాడు. నిన్న పొలంలో ఎరువు చల్లుతుంటే తనే తట్ట అందుకుని, "మిగతా రెండెకరాలకి ఎప్పుడేస్తావు?" అన్నాడు. ఇంకో తట్ట నింపి అందించాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఇది రెండో కుప్ప అమ్మా. మొదటిది పన్నెండు రోజులైనా వేడెక్కలేదు. చేపలమ్మే పిచ్చమ్మ పనికిరాని సరుకు అంటగట్టిందని, నడిరోడ్డు మీద ఆమె గంప తన్నాను. ఆమె చేపలు ఏరుకుంటూ నెమ్మదిగా అంది: "ఏందబ్బయా, చేప కుళ్ళగూడదనే గదా మేం ఉప్పేసేది. కుళ్ళబెట్టేదానికి ఎండుచేపల చెత్త తీసకపోతివే. నన్నడిగినావా?"

అడగలేదు. కరపత్రంలో చేపలని ఉంది కానీ, పచ్చివా ఉప్పువా అని లేదు.

మర్నాడు జాలర్లుండే పట్టపుపాలెం వెళ్ళి ఆమె గడప ముందు నిలబడ్డాను. తప్పయిందన్నాను. "పచ్చి తలకాయలు నేనిస్తా. రోజూ నా చేపల గంప మాత్రం నువ్వే మొయ్యాల," అంది. పద్దెనిమిది రోజులూ ఆటో దాకా మోశాను. నాన్నకు అంతా తెలుసు. నీకు నేనే చెప్పాలని ఊరుకున్నాడు.

ఈరోజు చర్చిలో జకరయ్య పాస్టరుగారు ఎరువు గెలుపు మీద సాక్ష్యం చెప్పమన్నారు. కరపత్రం జేబులో పెట్టుకునే లేచాను. చెప్పింది మాత్రం గంప సంగతి. బయటికొచ్చేసరికి నాకు పేరు పెట్టేశారు, ఉప్పు రూఫస్ అని. వీధి చివరిదాకా అదే పిలుపు.

కోపం రాలేదమ్మా. నిజంగా.

ఇట్లు,
నీ కొడుకు,
ఉప్పు రూఫస్.