మాటిమాటికీ లాగిన గేలం

మంగళవారం, రాత్రి

పొద్దున కంచరపాలెం క్లినిక్ సర్వర్ పడిపోతే నానూ, నాతో పనిచేసే నూకరాజూ వెళ్ళాం. పేషెంట్ల రికార్డులు బ్యాకప్ నించి ఎక్కిస్తంటే మధ్యాన్నానికి సగం కూడా ఎక్కలేదు. బయట పెద్ద లైను. నాకు చెమటలు.

నూకరాజు నా స్క్రీన్ చూసి నవ్వేడు. నిమిషానికోసారి ఎన్ని రికార్డులు ఎక్కాయో లెక్కపెట్టమని నానే ఒక స్క్రిప్టు పెట్టాను. సర్వర్ ఆ లెక్కలతోనే అలిసిపోతంది.

"గేలం మాటిమాటికీ లాగి సూత్తే సేప పడతాదేటి బావా?"

స్క్రిప్టు ఆపీగానే గంటలో అయిపోయింది. డాక్టరమ్మతో "సర్వర్ మొరాయించిందండి" అన్నాడే గానీ నా పేరెత్తలేదు. మర్చిపోను.

వచ్చేటప్పుడు బండి మీద చెప్పేడు, నిన్న రావలసిన వాళ్ళ నాన్న పడవ ఇంకా ఒడ్డుకి రాలేదంట. రోజంతా నా పక్కనే ఉన్నాడు, ఒక్కసారీ ఫోన్ తీసి చూసుకోలేదు.

ఈ గేలం లాగకుండా ఉండడం నా వల్ల కాదు. వాడికి ఫోన్ చేస్తన్నాను.