ముసలమ్మ నోరు తెరిచింది

గవ్వలపేట

పలాస బావగారు ధనుంజయ్ గారికి, పైడిరాజు నమస్కారాలు.

మా గౌతమిని మీ చిరంజీవికి ఇవ్వడం మా అందరికీ ఇష్టమే. కాని ముహూర్తం కొంచెం వెనక్కి జరపాలి. మా ముసలమ్మ నోరు మూసుకుంది. ఆమె నోరు తెరవందే ఇక్కడ పడవ కదలదు, పెళ్లి ఖర్చుకు చేప దొరకదు. వేకువన ఆమె పక్కన కూర్చుంటే ఊపిరి కూడా వినపడదు. పైన మంచు, లోపల మబ్బులు. చూస్తూ చూస్తూ నేనూ కునుకు తీస్తాను.

మీ పైడిరాజు

తా.క.: ఫోన్ చేయకండి. సిగ్నల్ దొరికే ఇసుక దిబ్బను మొన్న సముద్రం పట్టుకుపోయింది.

పలాస

బావగారికి, ధనుంజయ్ వినయంగా రాసేది.

మీ ఉత్తరం చదివాక మాకు అన్నం సహించలేదు. మా ఎండుచేపల కొట్టు కూడా తెరవలేదు. “ఓలమ్మ, పెద్దావిడకి సెప్పకుండా మందసలోనే పెళ్లిసూపులు కానిచ్చీసినాం. అందుకే అలిగినాది. ఏటి పెడితే మనసు కరుగుద్దో అడుగు” అని మా ఆవిడ గౌరి పోరు. ఆకుపచ్చ నేతచీర తీసి ఉంచాం. సరిపోతుందా?

ఇట్లు, ధనుంజయ్

తా.క.: లోపల మబ్బులంటే శుక్లాలేనా? టెక్కలిలో కంటి శిబిరం పెడుతున్నారు.

గవ్వలపేట

చల్లని మనసున్న బావగారికి,

చీర మాట విని ఊరంతా మురిసిపోయింది. ఏటేటా మేమే పెడతాం, వియ్యాలవారు పెట్టడం ఇదే మొదలు. కాని ఆమె ఒకచోట కుదురుగా ఉండదు. మా నాన్న చిన్నప్పుడు కొబ్బరితోటల దగ్గర ఉండేదట. ఉత్తరానికి జరిగి జరిగి ఇప్పుడు శ్మశానం దాటింది. పొట్ట ఉబ్బిపోయింది. ఇంకా ఊరుకుంటే ఇళ్లు దక్కవు. రేపు అందరం కలిసి గొంతు దగ్గర పారలతో తవ్వుతాం.

ఇట్లు, పైడిరాజు

తా.క.: శుక్లాలంటే అర్థం కాలేదు. ఆమె లోపల ఉన్నవి పీతలు, రొయ్యలే.

పలాస

పైడిరాజు గారికి,

ఇక బావగారూ అని రాయలేను. పొట్ట ఉబ్బిన మనిషి శ్మశానం దాకా పాకుతుంటే, గొంతు మీద పారలు వేస్తారా? పోలీసుల దగ్గరికి వెళ్లబోయాను. “నానా, ఆగు. నానెల్లి సూసి వత్తాను” అని చిరంజీవి చీర పట్టుకుని బయల్దేరాడు. వాడు వచ్చి చెప్పేదాకా ఈ సంబంధం లేదనుకోండి.

ధనుంజయ్

తా.క.: డాక్టరును కూడా పంపుదామనుకున్నాను. పీతల సంగతి విని రానన్నాడు.

గవ్వలపేట

మీరు మానినా నేను మానను, బావగారూ!

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ముసలమ్మ అంటే మా ఊరి ఏరు, మా గెడ్డ. దాని నోరంటే సముద్రంలో కలిసే చోటు, ఇసుక మేటవేసి మూసుకుపోయింది. చేపలు అమ్మేవారు కదా, తెలుసనుకున్నాను.

మీ అబ్బాయి దక్షిణాన కొబ్బరితోటల వైపు నుంచి ఇసుక మీద నడిచి వచ్చాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు. గౌతమితో మళ్లీ అటే వెళ్లి గట్టున చీర పెట్టాడు. మేం ఉత్తరాన తవ్వుతూనే ఉన్నాం. “నానా, ఇటు రండి! ఇసక సెమరుస్తంది!” అని దక్షిణం నుంచి గౌతమి కేక. ముందు చెమ్మ, తర్వాత దారమంత ధార. అంతలో ఇసుక గట్లు నిద్రలో ఒరిగినట్టు మెల్లగా ఒరిగిపోయాయి. చీర ఒళ్లు విరుచుకుంటూ సముద్రంలోకి సాగిపోయింది. తీపినీళ్లు, ఉప్పునీళ్లు కలిసిన చోట చేపలు ఎగురుతుంటే పారలు వదిలి వలలు అందుకున్నాం.

ముహూర్తం పెట్టించండి. చిక్కు ఒక్కటే. మీ అబ్బాయి వచ్చిన దారిలో ఇప్పుడు ఏరు పారుతోంది. ఈ ఉత్తరం తీసుకెళ్లే పడవలో చోటుందని చెప్పాను. “నాకు సముద్రం పడదు మావా” అని గౌతమి పక్కన కూర్చుని వల అల్లుతున్నాడు.

మీ బావ, పైడిరాజు

తా.క.: దీన్ని ఇల్లరికం అనుకోకండి. ఆటుపోటు, అంతే.