గంగమ్మ తల్లి తొడుక్కున్న ఏడు లైఫ్ జాకెట్ల గురించి

శ్రీకాకుళం జిల్లా మత్స్యశాఖ అధికారి గారి సముఖమునకు,
దిబ్బలమెట్టపాలెం కాపురస్తురాలు, ఐదో తరగతి వరకు చదివి, చేపలమ్ముకుని బతికే కూర్మమ్మ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: వేట నిషేధం తీసేసే జూన్ పదిహేనో తేదీలోగా మా బోటు లైఫ్ జాకెట్లు అమ్మవారి దగ్గర నుండి తిరిగి ఇప్పించుట గురించి.

1. తమరు మార్చి నెలలో మా ఊరు వచ్చి, మా బోటు మీద వేటకెళ్లే ఏడుగురికి ఏడు లైఫ్ జాకెట్లు ఇచ్చి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటోలో ఎడమ చివర దిక్కులు చూస్తున్నవాడు నా చిన్నకొడుకు బాబీ. నా పెద్దకొడుకు ధర్మేంద్ర అందులో లేడు. రెండేళ్ల కిందట, ఏరు సముద్రంలో కలిసే చోట, కెరటానికి బోటు తిరగబడి పోయాడు. ఈతలో వాడిని మించినవాడు మా ఊళ్లో లేడు. "సముద్రం ఒడ్డున పుట్టినోడికి తేలీ సొక్కా ఏటే అమ్మా" అనేవాడు. మూడో రోజున దొరికాడు. ఇంతకు మించి రాయలేను, రెండో నంబరుకు వెళ్తున్నాను.

2. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. కొత్త వలైనా, తెడ్డైనా గంగమ్మ తల్లి ముందు పెట్టి, పసుపు కుంకుమ పెట్టకుండా మావాళ్లు నీళ్లలో దింపరు. కనుక జాకెట్లు ఏడూ చేపల గంపలో (కడిగిన గంపే) గుడికి తీసుకెళ్లాను. కళ్లు మూసుకుని దండం పెట్టి తెరిచేసరికి పూజారి పోతురాజు ఒక జాకెట్టు అమ్మవారికి తొడిగేశాడు. "ఏటి మావా ఈ పని?" అంటే, "అమ్మోరికి బలే సరిపోనాదే! కొలతలిచ్చి కుట్టించినావేటి?" అన్నాడు.

3. జాకెట్లు ఏడు, వారానికి రోజులు ఏడు. అమ్మవారు రోజుకొకటి మారుస్తున్నారు. హారతి వేళ గంటతో పాటు జాకెట్టుకున్న విజిల్ కూడా ఊదుతున్నారు. కర్పూరం వెలుగుకు దాని మీది పట్టీలు తళతళమంటే మా పక్కింటి గురమ్మకు పూనకం వస్తున్నది. పక్క ఊళ్ల నుండి జనం ఆటోలు కట్టించుకుని చూడ్డానికి వస్తున్నారు.

4. తిరిగి ఇప్పించమని కులపెద్ద గంగులు బావను అడిగాను. "అమ్మోరికి ఎట్టిన సీర ఇప్పి నువ్వు కట్టుకుంటావేటే?" అన్నాడు. "అమ్మోరు మునిగిపోతాదేటి బావా? ఆ తల్లే సముద్రం కదా! మునిగీది మన పిల్లలు" అన్నాను. అయితే జాకెట్టు మీద పువ్వు పెట్టి అమ్మవారినే అడుగుదామన్నాడు. కుడివైపు పడితే ఇచ్చేయాలి, ఎడమవైపు పడితే ఉంచుకోవాలి. అయ్యా, జాకెట్టు గుడ్డ నున్నన. ఎడమ భుజం బెల్టు వదులు. పువ్వు ఎటు జారుతుంది? మూడుసార్లూ ఎడమకే. ఇది అమ్మవారి మాట కాదు, బెల్టు మాట అని మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు.

5. బాబీ మాత్రం సంతోషంగా ఉన్నాడు. "అమ్మోరే ఏసుకున్నాదంటే మనకింకేటి బయ్యమే" అంటున్నాడు. నా భయమంతా అదే.

కావున, ఇవి సర్కారు సొత్తు గనుక, తిరిగి ఇచ్చేయమని తమరు నేరుగా అమ్మవారికే ఒక ఉత్తర్వు రాసి, గుండ్రటి ముద్ర వేసి పంపాలి. పూజారికి రాస్తే అమ్మవారి పేరు చెప్పి తప్పించుకుంటాడు. అమ్మవారికే రాస్తే చదివి వినిపించక తప్పదు. ఆవిడా తల్లే, కాదనదు. తమరికి ఎన్ని పనులున్నా ఈ మొర పదిహేనో తేదీ తెల్లవారక ముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కూర్మమ్మ

తా.క.: ఈ కాగితం రాసి మడిచాక ఓపిక పట్టలేకపోయాను. మంగళవారం జాకెట్టు గుడిలో నుంచి నేనే తెచ్చేశాను. అమ్మవారికి కోపం వస్తే పిల్లాడి మీద కాక నా మీదే చూపించాలని మూడు రోజులు నేనే తొడుక్కుని తిరిగాను. చేపలు కూడా అందులోనే అమ్మాను. ఉక్కపోత తప్ప ఏమీ కాలేదు. ఇవాళ పొద్దున బాబీ నన్ను చూసి పడీపడీ నవ్వి, "ఇలాగియ్యే, ఒకపాలి సూస్తాను" అని తొడుక్కున్నాడు. బకిలు పెట్టి, దాని మీద వలతాడుతో మూడు ముళ్లు వేసేశాను. అన్నం అందులోనే తింటున్నాడు. మిగతా ఆరు ఇళ్ల ఆడవాళ్లూ తాళ్లు పట్టుకుని గుమ్మాల్లో కూర్చున్నారు. ఉత్తర్వు పంపండి.