మునెప్ప మామ టోకెను

బుధవారం, రాత్రి

పొద్దున గనిలో బండ పేలిందంటే ల్యాంపు రూముకు పరిగెత్తినాను. గనిలోకి దిగేటప్పుడు తీసుకుపోయిన టోకెనును, పైకొచ్చినోళ్లంతా అక్కడి బోర్డుకు తగిలించి పోతారు. మునెప్ప మామ కొక్కెం ఖాళీగా ఉండాది. ఇంగ ఆలోచించలేదు. 'మునెప్ప లోపలే చిక్కుకున్నాడు' అని కాలేజీ గోడపత్రికలో రాసేసినాను. కళ్లారా చూసిందే రాయమన్నాడు గోడపత్రిక చూసుకునే మాస్టరు. చూసినాను కదా!

మామేమో బండ పేలకముందే పైకొచ్చి, టోకెను జేబులోనే మరిచి, ఇంట్లో నిద్రపోతా ఉన్నాడు. మా ఇంటికి నాలుగిండ్ల అవతల. ఆ తలుపు నేను తట్టలేదు.

మామ ఇంటికి రాకముందే సంతకు పోయిన అత్త, అక్కడ ఈ మాట విని, గని గేటును బాది బాది గాజులన్నీ పగలగొట్టుకుంది. సాయంత్రం నేను పోతే బోసి చేతులు చూపించింది. "ఒక్క మాట అడిగి రాయకూడదా అప్పా?"

రేపు గోడ మీద సవరణ అంటిస్తాను. అత్తకు చదువు రాదు.